మెడ మీద చెయ్యి

ఆదోని
12 జూలై 1938

చెల్లెలు కన్యకకు,

అక్క అమృతవల్లి దీవెనలు. నేను, మీ బావ ఇక్కడ ఉన్నామంటే ఉన్నాము. మీ అత్తగారి కాలి పుండు మానిందా? నీ కూతురు కృష్ణకుమారి పలక పట్టిందా, ఇంకా ఏడుస్తూనే ఉందా? ఆరుద్రలో వాన బాగా పడింది. పత్తి గింజ పడిందని మీ బావ మండీ నుంచి నవ్వుతూ వస్తున్నారు. ఏడాదికి నాలుగు రోజులే ఆ నవ్వు.

నా చేతుల సంగతి నీకు తెలిసిందే. కీళ్లవాతం వచ్చి పదకొండేళ్లు. వేళ్లన్నీ చిటికెన వేలి వైపు ఒరిగిపోయాయి. పొద్దున లేచాక చాలాసేపు పిడికిలి బిగియదు. దానికి అలవాటు పడ్డాను. ఇప్పుడు రాస్తున్నది వేరే.

పోయిన నెల చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నాను. తల వంచగానే మెడ వెనక టక్కుమంది. అక్కడినుంచి వెన్ను మీదుగా కాలివేళ్ల దాకా మెరుపు కొట్టింది. చేట జారి బియ్యమంతా నేలపాలు. తల ఎత్తితే ఏమీ లేదు. మళ్లీ వంచితే మళ్లీ అంతే. అప్పటినుంచి తల ముందుకు జారి పడిపోతుందేమో అన్నట్టుంటుంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నడుస్తున్నాను.

ఇంకొకటి. నవ్వకు. మెడ వెనక, జుట్టు మొదట్లో, ఎవరో పట్టుకున్నట్టుంటుంది. వేళ్లు విడివిడిగా తెలుస్తాయి. అవి తిన్నగా ఉండవు, వంకరగా ఉంటాయి. మన ఇంట్లో నాకు కాక వంకర వేళ్లు ఎవరికి ఉండేవో నీకు చెప్పాలా?

అమ్మ పోయి ఇరవై రెండేళ్లు. ఆ రోజు చిప్పగిరి ఇంట్లో ఆమె దగ్గర నువ్వొక్కదానివే ఉన్నావు. నాన్న అంగట్లో, నేను ఆదోనిలో. అమ్మ ఎలా పోయిందో నువ్వు నాకు ఎప్పుడూ సరిగా చెప్పలేదు. పదకొండేళ్ల పిల్లను ఏం అడుగుతామని నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఉన్నదున్నట్టు రాయి.

నీ అక్క
అమృతవల్లి

*

ఎమ్మిగనూరు
21 జూలై 1938

అక్కకు కన్యక నమస్కారాలు.

ఉత్తరం అందింది. మా వీధిలో ఈ నెల రెండు కొత్త మగ్గాలు దిగాయి. తెల్లవారకముందే చప్పుడు మొదలవుతుంది. మీ మరిదికి నూలు అంగట్లో తీరికే లేదు. అత్తగారి పుండు అలాగే ఉంది. పాప పలక పట్టింది, కానీ ‘అ’ రాయమంటే సున్నాలు చుడుతుంది.

అమ్మ సంగతి అడిగావు. రాయడానికి ఏమీ లేదక్కా. పీట మీద కూర్చుని ఉంది, అలాగే ఒరిగింది. మధ్యాహ్నం బావి దగ్గర గాలి సోకిందని అప్పుడే అందరూ అన్నారు కదా.

నిన్ను పట్టుకున్నది కూడా గాలే. ఆలస్యం చేయొద్దు. మా ఇంట్లో పనిచేసే భీమక్క చెప్పింది, హాలహర్వి పక్కన ఒకాయన ఉన్నాడట. “తల పట్టిన గాలిని తలతోనే దించుతాడమ్మా, మా చిన్నమ్మకు అట్లే దించినాడు” అంది. బావతో చెప్పి పిలిపించుకో. అమ్మకు తీరని కోరిక ఏదన్నా ఉంటే ఆయనే అడిగి చెబుతాడు.

వద్దామంటే అత్తగారిని వదిలి కదలలేను. ఏమీ అనుకోవద్దు.

కన్యక

*

ఆదోని
16 ఆగస్టు 1938

కన్యకకు,

నేను ఒకటి అడిగితే నువ్వు మగ్గాల గురించి రాశావు. సరే.

నువ్వు చెప్పిన మనిషి మొన్న ఆదివారం పొద్దున వచ్చాడు. వేప మండలు, నిమ్మకాయలు, పసుపు నీళ్లు. నన్ను పీట మీద కూర్చోబెట్టి, కొప్పు విప్పి, జుట్టంతా పిడికిట్లో చుట్టుకున్నాడు. “ఎవరే నువ్వు? యాడనుంచి వచ్చినావు? సెప్పు!” అంటూ తలను ముందుకూ వెనక్కూ ఊపాడు. మొదటి ఊపుకు మెరుపు. రెండో ఊపుకు కళ్లు చీకట్లు కమ్మాయి. మూడో ఊపుకు నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. అనాలని అన్నది కాదు.

“కన్యకను పిలువు. కన్యకకు చెప్పాల.”

ఇదీ ఆ మాట. గొంతు అచ్చం అమ్మదేనని మీ బావ అంటున్నారు. ఆయన అమ్మ గొంతు విన్నదే మూడుసార్లో నాలుగుసార్లో.

ఆ సాయంత్రం నుంచి కాళ్ల కింద నేల దూది పరిచినట్టుంది. లోటా పట్టుకున్నానో వదిలానో కంటితో చూసుకుంటే గాని తెలియడం లేదు. మీ బావ మాత్రం సంతోషంగా ఉన్నారు. “గాలి దిగుతాండాది, అందుకే కాళ్లు తేలిపోతాండాయి. ఇంగా రెండుసార్లే కదా, ఓర్చుకో” అంటారు. వారం విడిచి వారం, మూడు ఆదివారాలు చేయాలట.

నీ పేరే ఎందుకు వచ్చిందో నువ్వు ఆలోచించు. ఒకసారి వచ్చిపో.

అక్క

*

ఎమ్మిగనూరు
20 ఆగస్టు 1938

అక్కా,

నేను రాలేను. రమ్మని మళ్లీ రాయొద్దు.

నీ ఉత్తరం చదివిన రోజు పొయ్యి మీద పాలు మాడిపోయాయి, నేను పక్కనే ఉన్నాను. మిగిలిన రెండు ఆదివారాలు తప్పకుండా చేయించు. మధ్యలో ఆపితే ఇంకా బలుస్తుందట. అమ్మవారి గుడిలో నీ పేరున కుంకుమ పూజ చేయించాను. అమ్మ పేరున ముత్తైదువకు చీర పెట్టాను. ఇంకా ఏం కావాలంటుందో ఆయన్ను అడిగించు. ఏదైనా ఇస్తాను. నన్ను పిలవొద్దని మాత్రం చెప్పించు.

కన్యక

*

ఎమ్మిగనూరు
27 ఆగస్టు 1938, శనివారం

అక్కా, బావగారికి కూడా,

ఈ ఉత్తరం టపాలో వేయడం లేదు. రేపు పొద్దున మొదటి మోటారు బస్సు నడిపే బసన్న చేతికి ఇస్తున్నాను. రేపటి పని ఆపండి. ఎవరూ అక్క తల ముట్టుకోవద్దు.

కృపానందం అని ఒకాయన అత్తగారి పుండుకు కట్టు మార్చడానికి వస్తున్నాడు. మునుపు బళ్లారిలో ఒక ఆసుపత్రిలో కట్లు కట్టేవాడు, ఇప్పుడు ఇక్కడ చర్చి పక్కన ఉంటాడు. ఈ రోజు నా ముఖం చూసి ఏమైందని అడిగాడు. నీకు వచ్చిన మెరుపు, ఆదివారం చేయించింది, అన్నీ చెప్పాను. చేతిలోని గుడ్డ పక్కన పెట్టేశాడు.

“తల పట్టుకుని ఊపినారా? కీళ్లవాతం వేళ్లకే వస్తాదనుకుంటిరా అమ్మా? మెడలోనూ కీళ్లు ఉండాయి. రైలు కట్ట మీంచి పడి మెడ ఇరిగినోన్ని ఈ చేతులతో ఎత్తినా నేను. ఆయప్పా ఇదే మాట అన్నాడు, కాళ్లలో మెరుపు కొడతాంది అని. చెక్క పలక మీద పండబెట్టి, తలకు రెండు పక్కలా ఇసక సంచులు పెట్టి కదలనియ్యలేదు మేము. మీ అక్కను ఇంగొకతూరి ఊపితే మనిషి దక్కదు. బళ్లారికి పిలుచుకుపొమ్మను” అన్నాడు.

ఆయన గాలి అనలేదక్కా. ఒక్కసారి కూడా అనలేదు.

కన్యక

*

ఆదోని
20 సెప్టెంబరు 1938

బంగారు చెల్లికి,

బతికి ఉన్నాను. నీ ఉత్తరం వల్ల.

బసన్న వచ్చేటప్పటికి ఆ హాలహర్వి మనిషి నా జుట్టు పిడికిట్లో చుట్టుకుని ఉన్నాడు. మీ బావ ఉత్తరం అందుకుని నిలబడే చదివారు. చదివినంతసేపూ ఆ చెయ్యి నా జుట్టులోనే ఉంది. చదివాక “వదులు సామీ” అన్నారు. “సగంలో వదిలితే మీకే కీడు” అన్నాడు ఆయన. మీ బావ తటపటాయించారు. అప్పుడు మా పనిమనిషి హులిగమ్మ చీపురు పట్టుకుని మధ్యకు వచ్చింది. “మా అమ్మ జుట్టు ఇడుస్తావా, నీ చెయ్యి ఇరగ్గొట్టాల్నా?” అంది. ఆమెకు భూతమూ లెక్క లేదు, వైద్యుడూ లెక్క లేదు.

బళ్లారి దాకా రైల్లో బల్ల మీద పడుకున్నాను. హులిగమ్మ నా తలను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. గుంతకల్లులో బండి మారేటప్పుడు తప్ప చేతులు తీయలేదు.

అక్కడ డాక్టరు మెడకు ఎక్సరే తీశాడు. తల నిటారుగా పెట్టి ఒకటి, కొంచెమే వంచి ఇంకొకటి. రెండింటినీ వెలుతురుకు పట్టి మీ బావకు చూపించాడు. మెడలో అన్నిటికంటే పైన ఒక ఎముక ఉంగరంలా ఉంటుందట. దాని కింది ఎముకకు పన్నులాంటి కొన ఒకటి ఉండి ఆ ఉంగరంలోకి నిలుస్తుందట. రెండింటినీ కట్టి ఉంచే నారలాంటిది కీళ్లవాతం వల్ల సాగిపోయింది. తల వంచినప్పుడల్లా పై ఎముక ముందుకు జారి వెన్నుపామును నొక్కుతోంది. అదే మెరుపు. వంకర వేళ్ల పట్టు కూడా అదే. కీళ్లవాతం ఉన్న మనుషుల్లో ఇలా అవుతుందని తన పుస్తకాల్లో పెద్దగా లేదని, తనకూ కొత్తేనని చెప్పాడు. దాచకుండా చెప్పినందుకు ఆయన మీద నాకు గురి కుదిరింది.

మందు లేదు. తోలుతో చేసిన పట్టీ ఒకటి గడ్డం నుంచి భుజాల దాకా కట్టారు. తల వంచకూడదు, తిప్పకూడదు. “గట్టిగా ఒక్కసారి ముందుకు వంచినా ఊపిరి ఆగి అక్కడికక్కడే పోవచ్చు. ఎవరికీ ఎందుకు పోయిందో కూడా తెలియదు” అన్నాడు.

అమ్మ నన్ను పట్టుకోలేదు కన్యకా! ఎముక జారింది, అంతే. ఎన్ని రోజులకో ఈ రోజు కడుపునిండా అన్నం తిన్నాను. నువ్వు కూడా భయం వదిలిపెట్టు.

నీ అక్క

*

ఎమ్మిగనూరు
10 అక్టోబరు 1938

అక్కా,

దసరా వెళ్లిపోయింది. బసన్న దేవరగట్టు కర్రల ఆటకు పోయి తలకు కట్టుతో వచ్చాడు. రెండో రోజే మోటారు నడిపాడు. ఆ కట్టు చూస్తూ కూర్చున్నాను. ఎవరెవరి తల ఎంత గట్టిదో దేవుడికే తెలియాలి.

ఉన్నదున్నట్టు రాయమన్నావు. రాస్తున్నాను. అమ్మ ఒరగలేదు. నేను వంచాను.

ఆ రోజు శుక్రవారం. నాన్న అంగడికి పోయాక అమ్మ తలకు పోయమంది. కుంకుడుకాయ పులుసుతో రుద్దాను. నురగ ఎంతకీ పోలేదు. “తల కిందికి వంచమ్మా” అన్నాను. “వద్దే, అట్లే పొయ్యి” అంది. వీధిలో పిల్లలు నాకోసం కేకలేస్తున్నారు. ఎడమ చెయ్యి అమ్మ మెడ వెనక పెట్టి గంగాళం మీదికి నొక్కాను. కుడిచేత్తో చెంబు పోశాను. “అబ్బా” అంది. రెండో చెంబుకు ఆమె తల నా చేతికి బరువైంది. మాట వింటోందనుకున్నాను. ఇంకో రెండు చెంబులు పోశాను అక్కా. ఆమె పోయాక కూడా పోశాను.

ఒరిగిందని నేను చెప్పాను. గాలి అని ఊళ్లోవాళ్లు అన్నారు. వాళ్లన్న మాట చాటున ఇరవై రెండేళ్లు బతికాను. పిల్లకు తలంటే రోజున కూడా భీమక్కనే పిలుస్తాను. మీ డాక్టరు ఆ గాలిని తీసేశాడు. నీకు తేలికపడింది. నాకు ఇప్పుడు నా చెయ్యి ఒకటే మిగిలింది. ముద్ద కలుపుతుంటే దాన్నే చూస్తున్నాను.

నీ మెడ మీద వంకర వేళ్లన్నావు చూడు, ఆ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు తెలుసు. అవి అమ్మవి కావు. పదకొండేళ్ల పిల్లవి. నీకు మొదటినుంచీ అనుమానం ఉండబట్టే అడిగావు. ఇక నన్ను ఏం చేస్తావో చెయ్యి.

కన్యక

*

ఆదోని
మొదలుపెట్టింది 4 నవంబరు 1938

కన్యకా,

ఇది ఎవరిచేతా రాయించలేను. పెన్సిలుకు గుడ్డ చుట్టి, కాగితం పెట్టిన పలకను ఎత్తుగా గోడకు ఆనించి, రోజుకు నాలుగు వరుసలు రాస్తున్నాను. అక్షరాలు చూసి భయపడొద్దు.

నీ మీద నాకు ఎప్పుడూ అనుమానం లేదు. నువ్వు నొక్కిన సంగతి నీ ఉత్తరంలోనే తెలిసింది. నేను అడిగింది నాకోసం. నొప్పి లేకుండా నిద్రలో పోయిందని నువ్వు రాస్తావేమోనని.

(6వ తేదీ) అమ్మ పోవడానికి తొమ్మిది రోజుల ముందు నేను చిప్పగిరిలో ఉన్నాను. గుర్తుందా, నా కొత్త చీర మీద నువ్వు దీపం చమురు ఒలకబోశావు. రెండు రోజులు నీతో మాట్లాడలేదు. నేను పెళ్లయిన ఇరవై ఏళ్ల దాన్ని, నువ్వు పదకొండేళ్ల పిల్లవు. అయినా మాట్లాడలేదు.

(9) బండి ఎక్కేముందు అమ్మ నన్ను లోపలికి పిలిచింది. “ఒసే అమృతా, తల వంచితే కాళ్లదాకా మెరుపు కొట్టినట్టయితాంది. చిన్నదానికి చెప్పిపో, నన్ను పండబెట్టి నీళ్లు పొయ్యమని. నేను చెప్తే అది భయపడి నా దగ్గరికే రాదు. నువ్వు మెల్లగా చెప్పు” అంది.

(10) సరేనన్నాను.

(13) నువ్వు వాకిట్లో నిలబడి ఉన్నావు. నన్ను చూసి నవ్వబోయావు. నేను ముఖం తిప్పుకుని బండెక్కాను. మళ్లీ వచ్చినప్పుడు చెబుదాంలే అనుకున్నాను. మళ్లీ వచ్చింది దినవారాలకు.

(15) నాకు మొదటిసారి మెరుపు కొట్టిన రోజే అమ్మ మాట గుర్తొచ్చింది. ఆ ఆదివారం నా నోట్లోంచి వచ్చిన మాట అమ్మది కాదు. కన్యకకు చెప్పాల అన్నది నేను. నువ్వు పిల్లవు, నీకు తెలియదు. నాకు తెలుసు.

అమృతవల్లి

*

ఆదోని
6 ఫిబ్రవరి 1939

కన్యకకు,

మీ బావ చేత రాయిస్తున్నాను. నీ దగ్గరినుంచి జాబు లేదు. అడగను.

చేతులు ఇక పనికిరావు. హులిగమ్మే తినిపిస్తోంది. పట్టీ గడ్డం కింద ఒరుసుకుని పుండైతే డాక్టరు మెత్తగా ఇంకొకటి కుట్టించి పంపాడు. అది కట్టినప్పటి నుంచి మెరుపులు తగ్గాయి.

తల తడిసి ఐదు నెలలు దాటింది. పడుకోబెట్టి పోయొచ్చని డాక్టరు చెప్పినా ఎవరికీ ధైర్యం చాలడం లేదు. హులిగమ్మ అంతటిది కూడా “నీళ్లు పోసేటప్పుడు చెయ్యి జారితే ఎట్లమ్మా” అని ఏడ్చింది. జుట్టు అట్టలు కట్టింది. కత్తిరించమంటే మీ బావ చెవులు మూసుకుంటున్నారు. ఇది నిన్ను రమ్మని రాయించడం లేదు. ఇక్కడి సంగతులు, అంతే.

అక్క

*

ఎమ్మిగనూరు
19 ఫిబ్రవరి 1939

అక్కా,

ఇన్ని నెలలు నీ మీద కోపంతో గడిపాను. ఆ కోపం నాకు హాయిగా ఉండింది. నా చెయ్యి చూసుకోవాల్సి వచ్చినప్పుడల్లా నువ్వు బండెక్కడం తలుచుకునేదాన్ని. ఒక్కమాట, ఒక్కటంటే ఒక్కటి చెప్పి ఉంటే! పొయ్యి ముందు కూర్చుని గట్టిగా అనేశాను కూడా. పాప భయపడింది.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. జుట్టు అట్టలు కట్టిందని.

కృపానందాన్ని పిలిపించాను. ఆయన చెప్పినట్టు వాకిట్లో చెక్క పలక వేసి, రెండు చిన్న సంచుల్లో ఇసుక నింపి, పాపను పడుకోబెట్టి నేర్చుకున్నాను. తల పలక చివరకు, భుజాలు కదలకుండా, నీళ్లు నుదుటి నుంచి వెనక్కి. మొదటిరోజు చెంబు ఎత్తలేకపోయాను. ముఖం పాపది కాదు, అమ్మదే కనిపించింది. రెండో రోజు ఒక చెంబు పోశాను. ఆరో రోజుకు తల పూర్తిగా తడిసింది. “అమ్మా, నువ్వెందుకు ఏడుస్తాండావు?” అని పాప అడిగింది. కుంకుడుకాయ కళ్లలో పడిందన్నాను.

నిన్ను క్షమించానో లేదో తెలియదు. నువ్వూ అడగొద్దు, నేనూ అడగను. ఎల్లుండి మోటారుకు వస్తున్నాను.

కన్యక

*

ఆదోని
17 నవంబరు 1941

చెల్లెలు కన్యకకు,

మీ బావ చేతే రాయిస్తున్నాను. ఈ మాటలు ఆయన కూడా వినాలి.

యుద్ధం పుణ్యమా అని పెట్రోలు కరువై నీ మోటారు ఆగిపోయింది. రెండున్నరేళ్లకు పైగా నెలకు రెండుసార్లు తప్పకుండా వచ్చావు. ఈ రెండు నెలలు రాకపోయినా నిన్నేమీ అనుకోలేదు. వచ్చే సోమవారం ఎద్దుల బండి కట్టించుకుని వస్తానని కబురు పంపావట. దారి పొడుగునా గుంతలే, నడుము జాగ్రత్త.

నువ్వు లేనప్పుడు డాక్టరు దగ్గరికి మళ్లీ తీసుకుపోయారు. కాళ్లు పూర్తిగా పోయాయి. పడుకున్నప్పుడు ఊపిరి అప్పుడప్పుడూ ఆగి వస్తోంది. ఎముక ఇప్పుడు పైకి కూడా నెడుతోందట. పట్టీ ఉన్నా, లేకపోయినా, ఎవరు ముట్టుకున్నా, ఎవరూ ముట్టుకోకపోయినా, ఏ రోజైనా జరగొచ్చు అన్నాడు. మీ బావ నీకు చెప్పొద్దన్నారు. చెబితే నువ్వు నా తల ముట్టుకోవని. రాయండి, ఈ మాట కూడా రాయండి అన్నాను. రాస్తున్నారు.

అందుకే చెబుతున్నాను. సోమవారం వచ్చి నువ్వు నన్ను పలక మీద పడుకోబెడతావు. ఇసుక సంచులు పెడతావు. చెంబు చెంబుకూ “నొప్పా?” అని అడుగుతావు. ఏదో ఒక చెంబుకు నేను పలకకపోవచ్చు. అప్పుడు కేకలు వేయొద్దు. గాలి అనొద్దు, ఎవరినీ అననివ్వొద్దు. ఎముక జారిందని చెప్పు. నువ్వు చేయాల్సినదంతా సరిగ్గా చేశావు. నేను చూశాను, నీ చేతుల కింద పడుకుని చూశాను.

భయపడి రాకుండా ఉండొద్దు. నీళ్లు పోయించుకున్న రోజు ఒక్కటే నేను మనిషిలా నిద్రపోతాను.

ఈ ఉత్తరం దాచుకో. కింద నా వేలిముద్ర వేయిస్తున్నాను. మీ బావ సంతకం కూడా ఉంటుంది.

ఈసారి ముందే చెప్పాను కన్యకా.

అమృతవల్లి